ఏటిగట్టు ఎత్తు పెంచితే సరిపోతుందా? 2022 జూలై గోదావరి వరదపై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. గోదావరి తగ్గుముఖం పట్టింది. జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. నరసాపురం పొన్నపల్లి దగ్గర ఏటిగట్టు కోతకు గురైంది. గట్లు ఇంకా ఎత్తు పెంచాలని కోనసీమలో గట్టిగా అడుగుతున్నారు. మనతో ఒక విశ్రాంత జలవనరుల ఇంజనీరు గారు, రైతు సంఘం నాయకులు, జలశాస్త్రం బోధించే అధ్యాపకురాలు ఉన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాం. ఇంజనీరు గారూ, సూటిగా అడుగుతున్నా. ఇసుక తవ్వకాల వల్లే కదా గట్లు బలహీనపడ్డాయి?

ఇంజనీరు: ఇసుక సంగతి తర్వాత చెబుతానండి. ముందు గట్టు ఎలా తెగుతుందో జనానికి తెలియాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2006లో 28 లక్షల పైచిలుకే. అయినా శానపల్లిలంక, మొండెపులంక దగ్గర గండ్లు పడ్డాయి. ఎత్తు ఒక్కటే లెక్కయితే 1986 కంటే తక్కువ నీటికి గండి పడకూడదు కదా? గట్టు లోపలి నుంచి తెగుతుంది, కింది నుంచి తెగుతుంది. మీరంతా పైకి చూస్తున్నారు.

రైతు నాయకుడు: పైనుంచి కూడా పొంగుద్దండీ. మొన్న గట్టు అంచుకి నీళ్లు తగులుతుంటే బస్తాలు వేసింది మా కుర్రాళ్లే...

ఇంజనీరు: ఒక్క నిమిషం, నన్ను పూర్తి చేయనివ్వండి. డెల్టాలో పైన బంకమట్టి పొర, దాని కింద ఇసుక. వరద నిలిచిన నాలుగైదు రోజుల్లో నీటి ఒత్తిడి ఆ ఇసుక గుండా గట్టు కింద నుంచి అవతలికి పోతుంది. పైన బంకమట్టి పలచగా ఉన్నచోట ఉబికి వస్తుంది. తేటనీరు వస్తే మామూలు ఊట. బురదనీరు, ఇసుక వస్తే గట్టు కింద మట్టి కొట్టుకుపోతోందని అర్థం. దాన్ని బస్తాలతో కప్పేస్తారు చూడండి, అది పెద్ద పొరపాటు. అక్కడ మూస్తే పది అడుగుల అవతల పొడుచుకొస్తుంది.

యాంకర్: మరి ఏం చేయాలి, క్లుప్తంగా?

ఇంజనీరు: ఊట చుట్టూ రెండు మూడడుగులు వదిలి బస్తాలతో గుండ్రంగా బావి ఒరలా కట్టాలి. లోపల నీళ్లు నిలిచేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. బురద ఆగి తేటనీరు వచ్చేదాకా ఎత్తు పెంచుకుంటూ పోయి, తేటనీటికి ఒక పక్క దారి వదలాలి. అదే గట్టులో బుంగ అయితే పద్ధతి వేరు. ఏటి వైపు నీరు సుడి తిరుగుతూ లోపలికి పోయే నోరు వెతకాలి. అక్కడ టార్పాలిన్ దించి, దాని మీద బస్తాలు వేయాలి. ఊరి వైపు మాత్రమే మూస్తే నీళ్లు గట్టు లోపలే చేరి మొత్తం జారిపోతుంది.

అధ్యాపకురాలు: నేనొక మాట కలపొచ్చా? ఊట ఎక్కడ వస్తుందో నిర్ణయించేది...

ఇంజనీరు: బస్తా సంగతి కూడా చెప్పేస్తానండి. నిండా నింపి మూతి బిగిస్తారు. అది రాయిలా గుండ్రంగా ఉంటుంది, రెండు బస్తాల మధ్య సందుల్లోంచి నీళ్లు పోతాయి. సగానికి కొంచెం పైగా నింపి, మూతి మడిచి కిందికి పెట్టి, ఇటుకల్లా సందు మీద సందు రాకుండా పేర్చి, కాలితో తొక్కాలి.

యాంకర్: బాగుంది. కానీ ఇసుక మాఫియా గురించి మీరు జవాబు చెప్పలేదు. నదిలో అంత లోతున తవ్వేస్తే...

అధ్యాపకురాలు: గట్టుకు దగ్గరగా, ప్రవాహం ఒరుసుకుపోయే వైపు తవ్వితే అడుగు లోతెక్కి గట్టు మొదలు కోతకు గురవుతుంది. అది నిజమే. ఇసుక లారీల కోసం గట్టును కోసి దిగువకు బాటలు వేయడం ఇంకా ప్రమాదం, ఆ కోత దగ్గర గట్టు ఎత్తే తగ్గిపోతుంది. కానీ ఊరి వైపు ఏం జరుగుతోందో కూడా చూడాలి. గట్టు మొదలు దగ్గర చేపల చెరువులు, రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. ఇందాక ఇంజనీరు గారు చెప్పిన బంకమట్టి పొర తీసేసి ఇసుకను తాకుతున్నారు. అక్కడే ఊట పుడుతుంది.

రైతు నాయకుడు: అమ్మా, వరిలో గిట్టుబాటు లేక చెరువులేసుకున్నాడు రైతు. నేరమంతా మాదే అంటే ఎలా?

అధ్యాపకురాలు: నేరం అనలేదండీ. గట్టు మొదలు నుంచి కొంత దూరం వదలమంటున్నాను.

రైతు నాయకుడు: అసలు మా బాధ గట్టులోంచి పొలాల నీరు ఏటిలోకి పోయే తూములండీ, అదే స్లూయిస్‌లు. ఏటిలో వరదుంటే స్లూయిస్ మూసెయ్యాలి. మూస్తే లోపల కురిసిన వాన పోదు, నాట్లు కుళ్లిపోతాయి. తెరిస్తే ఏరు లోపలికొచ్చేస్తది. కొన్నిచోట్ల షట్టర్ దిగనే దిగదు. స్క్రూ రాడ్ తుప్పు పట్టి, కింద కర్రలు, చెత్త అడ్డుపడి ఉంటుంది. వేసవిలో గ్రీజు పెట్టి ఒకసారి దించి చూసే నాథుడు లేడు. వీటిని చూసుకునే లస్కర్లు ఎంతమంది మిగిలారండీ?

ఇంజనీరు: అదీ మాట! గట్టులో అన్నిటికన్నా బలహీనమైన చోటు స్లూయిసే. కట్టడం పక్కన మట్టిని రోలరు తొక్కలేదు. చేతి దిమ్మిసతో పలచటి పొరలుగా దట్టించాలి. తొందరలో అది చేయరు. ఏళ్లు గడిచేకొద్దీ కాంక్రీటుకూ మట్టికీ మధ్య సన్నటి సందు పడి, నీరు అందులోంచి దారి చేసుకుంటుంది. భద్రాచలం కరకట్ట చూడండి. కట్ట నిలబడినా స్లూయిస్‌ల నుంచి నీరు వెనక్కి కారి, రామాలయం పరిసరాల్లో మోటార్లు పెట్టి తోడాల్సి వస్తోంది.

యాంకర్: భద్రాచలం అన్నారు కాబట్టి... పోలవరం ప్రాజెక్టు వల్లే ముంపు అని తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్ కుమార్ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ఏటపాక సహా ఐదు గ్రామాలు తిరిగి తెలంగాణకు ఇవ్వాలన్నారు. ఇందులో రాజకీయం ఎంత?

రైతు నాయకుడు: 1986లో పోలవరం ఎక్కడుందండీ? అప్పుడు 75.6 అడుగులు రాలేదా?

అధ్యాపకురాలు: మట్టాన్ని మట్టంతో పోల్చి తేల్చలేం. ఎంత ప్రవాహానికి ఎంత మట్టం వచ్చిందో, అప్పటికీ ఇప్పటికీ నది అడుగు ఎలా మారిందో కలిపి చూడాలి. రెండు రాష్ట్రాలూ ఒకే కొలతలు ముందు పెట్టుకుని...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

ఇంజనీరు: పోలవరం మీద మాట్లాడుతూ కూర్చుంటే గట్టు బాగుపడదండీ! 2006 తర్వాత 1986 మట్టాన్ని లెక్కపెట్టుకుని గట్లు పెంచే పనులు చేపట్టారు. పెంచడమంటే టిప్పర్‌తో మట్టి తెచ్చి పైన పోయడం కాదు. పాత వాలు మీద గడ్డి, వేళ్లు తీసేసి, మెట్లు మెట్లుగా కోసి, కొత్త మట్టిని జానెడు మందం పొరలుగా వేసి, సరైన తడితో తొక్కించాలి. మెట్లు కోయకపోతే కొత్త మట్టి పాత మట్టి మీద పక్కకు జారుతుంది. నల్లరేగడి వాడితే వేసవిలో నిలువునా పగుళ్లిస్తుంది, తొలకరికి ఆ పగుళ్లలోంచే నీరు దిగుతుంది. గట్టు మీది చెట్టు కొట్టేసి మొదలు వదిలేస్తే వేరు కుళ్లి గొట్టమవుతుంది. పందికొక్కుల బొరియలు సరేసరి.

యాంకర్: లంక గ్రామాల సంగతి? వాళ్లకు గట్టే లేదు కదా?

అధ్యాపకురాలు: అదే నేను మొదటి నుంచీ చెప్పాలనుకుంటున్నాను. లంకలు గట్టుకు ఏటి వైపున్నాయి. రెండు వైపులా గట్లు ఎత్తు చేసి నదిని బిగిస్తే, పెద్ద వరదలో మధ్యనున్న లంకల్లో నీటిమట్టం ఇంకా పెరుగుతుంది. మొదటి హెచ్చరిక ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు ఇస్తారు. పల్లపు లంకల్లో ఆ పాటికే దారులు మునిగి ఉంటాయి. వాళ్లకు కావాల్సింది ముందుగా పడవలు, ఎత్తైన పశువుల పాకలు, మేత...

ఇంజనీరు: మేడమ్ చెప్పింది నిజమే, కానీ లంకల పేరు చెప్పి గట్టు పని ఆపకూడదు.

అధ్యాపకురాలు: ఆపమని ఎవరన్నారు?

ఇంజనీరు: ఇంకొకటి. వరద తగ్గిందని అందరూ ఇళ్లకు పోతున్నారు. ఏటి నీరు గబగబా దిగుతుంది, గట్టు లోపల తడి మాత్రం అంత త్వరగా దిగదు. ఇన్నాళ్లూ ఏటి వైపు వాలును నిలబెట్టిన నీరు లేకపోయేసరికి, ఆ బరువైన తడిమట్టి ఏటిలోకి జారుతుంది. కాపలా తీసేయకూడదు. ఇసుక లారీలు, ట్రాక్టర్లు గట్టెక్కకుండా కొన్నాళ్లు ఆపాలి.

యాంకర్: చూశారా, చివరికి మీరే ఇసుక లారీల దగ్గరికి వచ్చారు!

ఇంజనీరు: లారీ ఏది మోసినా బరువు బరువే కదండీ.

రైతు నాయకుడు: మరి స్లూయిస్‌ల మాట ఎవరూ తేల్చలేదే? మా చేలల్లో నీళ్లు ఇంకా తీయలేదు. డీజిల్ ఎవరిస్తారు?

యాంకర్: సమయం మించిపోయిందండీ. ఇంజనీరు గారూ, పది సెకన్లు.

ఇంజనీరు: పది సెకన్లు చాలవు, అయినా చెబుతాను. ఊట ఎక్కడొచ్చిందో, వాలు ఎక్కడ జారిందో ఈ పది పదిహేను రోజులే కంటికి కనిపిస్తుంది. ప్రతి ఊళ్లో గట్టు వెంట నడిచి, కిలోమీటరు రాయి నుంచి ఎంత దూరమో కొలిచి, కొయ్య పాతి, సున్నం గుర్తు పెట్టండి. ఆగస్టులో గడ్డి మొలిచిందంటే ఆ చోటు మళ్లీ దొరకదు. వరదల కాలం ఇంకా...

యాంకర్: ఆగాలి సార్, బ్రేక్. తిరిగి రాగానే ఇసుక తవ్వకాలపై ప్రత్యేక కథనం.