పాప్‌అప్‌లు, పచ్చ బొత్తాం, అక్క కీబోర్డు

రవి: అందరికీ నమస్కారం. ఈ వారం అనుకున్న విషయం, ఇంటి కంప్యూటర్‌లో పిలవకుండా వచ్చే ప్రకటనలు, మనం పెట్టకుండానే చేరిపోయే ప్రోగ్రాములు. పోయిన వారం ప్రింటర్...

భారతి: ఆ పేరు ఎత్తకు.

రవి: ఎత్తను. అన్నట్టు, ఈ వారం విషయం అక్క ఇంట్లోనే దొరికింది.

భారతి: చెప్పు, పరువు ఎలాగూ పోయింది.

రవి: తెరకు కుడివైపు కింది మూలన ఐదు నిమిషాలకొకసారి ఒక పెట్టె లేస్తోంది. మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయని ఎర్రటి హెచ్చరిక. దాని వెనకాలే బరువు తగ్గించే చూర్ణం.

భారతి: చూర్ణం మీద నేను నొక్కలేదు.

రవి: నొక్కారని నేననలేదే! వినేవాళ్లకు చెప్పాల్సింది ఏమిటంటే, చాలాసార్లు అది వైరస్ కానే కాదు. ఏదో సైటు తెరవగానే 'మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలో నొక్కండి' అని వస్తుంది. నొక్కామా, మనకు నోటిఫికేషన్లు పంపుకొనే అనుమతి ఆ సైటుకు ఇచ్చేసినట్టే. క్రోమ్‌లో ఈ సౌకర్యం 2015లో వచ్చింది. కొత్త వార్తో, ఉత్తరమో వచ్చిందని చెప్పడానికి పనికొచ్చేది. దాన్ని వీళ్లు ఇలా వాడుకుంటున్నారు. ఆ సైటు మూసేసినా పెట్టెలు ఆగవు. యాంటీవైరస్‌తో గాలిస్తే ఏమీ దొరకదు, ఎందుకంటే అనుమతి ఇచ్చింది మనమే.

భారతి: 'మనం' అంటున్నాడు, మర్యాదస్థుడు.

రవి: క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. పేరు తెలియనివన్నీ తీసేయాలి. అక్క దగ్గర పదకొండు ఉన్నాయి. నాలుగు నిమిషాల పని.

భారతి: నాలుగు నిమిషాల పనికి రెండు టీలు తాగాడు.

రవి: టీ బాగుంది మరి. ఈ పాప్‌అప్ అనేదానికి మొదటి కోడ్ రాసినవాళ్లలో ఒకాయన...

భారతి: వచ్చాడయ్యా జుకర్‌మన్! ఏ విషయం మొదలుపెట్టినా ఆయన దగ్గరికే వెళ్తావు.

రవి: ఈసారి సందర్భం ఉంది కదా అక్కా! ఈథన్ జుకర్‌మన్. 1990లలో ట్రైపాడ్ అనే కంపెనీలో పనిచేసేవాడు. ఒక కార్ల కంపెనీ ప్రకటన అశ్లీలమైన పేజీలో పడి వాళ్లు గగ్గోలు పెట్టారు. ప్రకటనను పేజీలో కాకుండా వేరే కిటికీలో చూపిద్దామని ఈయన కోడ్ రాశాడు. 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

భారతి: చెప్పాడు, విన్నాం. నా వేళ్ల సంగతి మాట్లాడదామా?

రవి: ఇప్పుడే వద్దు. ముందు మీరు ఆ 'అలో' ఎక్కడ నొక్కారో చెప్పండి.

భారతి: వేళ్ల సంగతే అది! నేను ఇరవై రెండేళ్లు డీటీపీ చేశాను. అను అనే తెలుగు ఫాంట్లు, యాపిల్ అనే మీటల అమరిక. నిద్రలో లేపినా కొమ్ము ఎక్కడ, వత్తు ఎక్కడ నా వేళ్లకు తెలుసు. ఇప్పుడు అందరూ యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే తెరుచుకునే అక్షరాల్లో, పంపమంటున్నారు. యాపిల్ కీబోర్డుతోనే యూనికోడ్ పడే ప్రోగ్రాము ఉందని ఎవరో చెబితే వెతికాను. ఒక పేజీ తెరుచుకుంది. ఇంత పెద్ద పచ్చ బొత్తాం, డౌన్‌లోడ్ అని.

రవి: అది ప్రకటన. అసలు లంకె దాని కింద చీమ తలకాయంత ఉంటుంది.

భారతి: నాకు చత్వారం. పెద్దదే కనిపిస్తుంది.

రవి: అసలు ఆ కీబోర్డు వదిలేయండంటే వినరు. విండోస్‌లోనే తెలుగు ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఇస్తున్నారు. ఇంగ్లిష్ అక్షరాల్లో అమ్మ అని కొడితే అమ్మ అని పడుతుంది. ఏ పచ్చ బొత్తామూ నొక్కక్కర్లేదు.

భారతి: నా భాష రాయడానికి ముందు ఇంగ్లిష్‌లో తలచుకోవాలా?

రవి: అయితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అది ప్రభుత్వం ఖరారు చేసిన అమరిక.

భారతి: ఈ వయసులో ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకోమన్నట్టుంది. నువ్వు నేర్చుకున్నావా?

రవి: నేను ఫొనెటిక్.

భారతి: చూశారా.

రవి: అది కాదక్కా. అనులో కొట్టింది ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కదా! లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, పైన తెలుగు బొమ్మ తొడిగారు. వెతికితే ఒక్క మాట దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు. మనం ముప్పై ఏళ్లు ఆలస్యంగా...

భారతి: ఎవరు ఆలస్యం? పెళ్లి శుభలేఖ మీద అక్షరం ముద్దుగా రావాలంటే ఆ రోజుల్లో యూనికోడ్ ఫాంటు ఒక్కటి చూపించు. విండోస్‌తో వచ్చిన గౌతమి ఫాంటుతో శుభలేఖ వేస్తే పెళ్లివారు కాగితం మొహాన కొట్టేవారు. మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పడేదా?

రవి: పడేది కాదు.

భారతి: గట్టిగా చెప్పు, మైకుకు వినపడలేదు.

రవి: పడేది కాదు! కానీ ఇప్పుడు పేజ్‌మేకర్ ఎవరు వాడుతున్నారు?

భారతి: ఏ ఊళ్లోనైనా ప్రెస్సులోకి తొంగిచూడు. తీసేయడం గురించే చెబుతున్నావు కానీ, ఆ చెత్త ఏ అవసరం వెంట వచ్చిందో అడగవు. నాకు కావలసిన కీబోర్డు సరైన చోట దొరికి ఉంటే ఆ పచ్చ బొత్తాం జోలికి వెళ్లేదాన్నా? ఇవాళ నువ్వు తుడిచావు. అవసరం అలాగే ఉంది. రేపు మళ్లీ వెతుకుతాను.

రవి: వెతకవద్దు. నేను చేసిపెడతాను. విండోస్ కీబోర్డు అమరికలు సొంతంగా తయారుచేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఒక ప్రోగ్రాము ఇస్తోంది. ఏ మీటకు ఏ అక్షరమో మీరు కాగితం మీద రాసివ్వండి.

భారతి: నిజంగానా? సున్నా, అరసున్నతో సహా?

రవి: అరసున్నతో సహా. అయితే అనులో ముక్కలు అతికించినట్టు వత్తులు కొట్టడం కుదరదు, పొల్లు కొట్టి అక్షరం కొట్టాలి. అంతవరకు మీ వేళ్లు రాజీపడాలి.

భారతి: (కాసేపు ఆగి) ఆలోచిస్తాను.

రవి: ఇక రెండో విషయం. ఇవన్నీ ఎందుకు, ఫార్మాట్ కొట్టించేస్తే పోతుంది కదా అని చాలామంది...

భారతి: ఆ మాట అనకు.

రవి: ఇది కూడానా?

భారతి: ఇది ప్రింటర్ లాంటిది కాదు రవీ. నాలుగేళ్ల కిందట ఇలాగే పెట్టెలు లేస్తుంటే ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రానికి ఇచ్చేశాడు, అద్దంలా ఉంది. డీ డ్రైవ్ కూడా అద్దంలానే ఉంది. అందులో మా నాన్న భజన కీర్తనలు. ఆయన పాడుతుంటే నేను కొట్టుకున్నవి, నూట నలభై పేజీలు. అదేమిటయ్యా అంటే, బ్యాకప్ ఉందనుకున్నాను మేడమ్ అన్నాడు. నీ జుకర్‌మన్ నయం, తప్పయిందని ఒక మాట అన్నాడు.

రవి: నాకు మీరు ఎప్పుడూ చెప్పలేదు.

భారతి: చెబితే బ్యాకప్ మీద ఉపన్యాసం ఇస్తావని.

రవి: ...ఇవ్వను. సరే, మిగతావి చకచకా చెప్పేస్తాను. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి తగిలించే చిన్న ప్రోగ్రాములు, చూడండి, మీరు పెట్టనివి తీసేయండి. ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాములను తేదీ వరుసలో పెట్టి, గొడవ మొదలైన రోజున ఏమేమి చేరాయో చూడండి. బ్రౌజర్ తెరవగానే తెలియని పేజీ వస్తుంటే డెస్క్‌టాప్ మీది గుర్తు ప్రాపర్టీస్‌లో టార్గెట్ దగ్గర చివరన ఏదైనా సైటు పేరు తగిలించారేమో చూడండి. అప్పటికీ పోకపోతే ఈ చెత్తను ఏరేసే యాడ్‌డబ్ల్యూ క్లీనర్ అనే ప్రోగ్రాము ఉంది, మాల్వేర్‌బైట్స్ అనే కంపెనీది, ఉచితం. వాళ్ల సైటునుంచే, పచ్చ బొత్తాలనుంచి కాదు. తెరంతా ఆక్రమించి ఈ నంబరుకు ఫోన్ చేయండని అరిస్తే చేయకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

భారతి: ఊపిరి తీసుకో.

రవి: అక్కా, ఆ డిస్కు ఏమైంది?

భారతి: ఏ డిస్కు?

రవి: ఫార్మాట్ కొట్టింది. అదే ఇప్పటికీ వాడుతున్నారా?

భారతి: లేదు. ఆ నెలలోనే కొత్త కంప్యూటర్ కొన్నాను, కోపం వచ్చి. అది బీరువాలో చీరల కింద ఉంది.

రవి: లోపల తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీనా, తిరిగేదా?

భారతి: గిర్రుమని చప్పుడు చేసేది.

రవి: ఫార్మాట్ ఎంతసేపు పట్టిందన్నాడు? తొందరగా చేసేదయితే విషయసూచిక మాత్రమే చెరుగుతుంది. పైన మళ్లీ ఏమీ రాయని చోట పేజీలు అలాగే ఉంటాయి. ఆ నెల రోజుల్లో డీ డ్రైవ్‌లో ఏం దాచారు?

భారతి: ఏమీ దాచలేదు. దాన్ని తెరవాలంటేనే మనసొప్పలేదు.

రవి: దానికి కరెంటు తగిలించకండి. నేను వస్తున్నాను.

భారతి: ఇప్పుడా? రికార్డింగ్ నడుస్తోంది.

రవి: ఆపేయండి.