పైసలు పట్టాకా, పంటకా?

అక్కలకు, అన్నలకు నమస్కారం.

పెట్టుబడి సాయం గురించి మాట్లాడమన్నారు. ముందు అమెరికాలో తొంభై ఏండ్ల కిందట జరిగిన సంగతి చెప్తాను. అదీ పత్తి కథే, కౌలు కథే.

1933లో పత్తి ధర నేలకు పడి ఉంది. రూజ్‌వెల్ట్ సర్కారు కొత్త చట్టం తెచ్చి, పంట తగ్గించినవాళ్లకు డబ్బులిస్తామంది. ఆ ఏడు సుమారు కోటి ఎకరాల్లో ఎదిగిన పత్తిని దున్నేయించారు. ధర కొంత లేచింది. కానీ అర్కాన్సాస్ రాష్ట్రం పాయిన్‌సెట్ కౌంటీ లాంటి చోట్ల భూమి ఒకరిది, చెమట ఇంకొకరిది. తర్వాత సర్కారు భూస్వాములతో చేసుకున్న ఒప్పందంలో, బీడు పెట్టిన నేలకు పౌను పత్తి లెక్కన నాలుగున్నర సెంట్లు కట్టారు. అందులో మూడున్నర నేరుగా భూస్వామికే. మిగిలిన ఒక్క సెంటులో సగం పాలుకు చేసేవాడికి. పంటలో సగం పంచుకునే మనిషికి సాయంలో తొమ్మిదో వంతు!

అదైనా అందరికీ చేరలేదు. చెక్కు దొర చేతికే వచ్చేది, పాత బాకీ కింద పట్టుకునేవాళ్లు. విత్తే నేల తగ్గింది గనుక మనుషులూ అక్కర్లేకపోయారు. కౌలుదార్లను 'వీలైనంత వరకు' ఉంచాలని ఒప్పందంలో రాశారు. ఆ వీలు చూసుకునేది దొరే కదా! కుటుంబాలకు కుటుంబాలు రోడ్డున పడ్డాయి.

1934 జులైలో టైరోంజా ఊరి దగ్గర 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘం పెట్టారు. ఆ కాలంలో అక్కడ వాళ్లు ఒక్కచోట కూర్చోవడమే ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. వ్యవసాయ శాఖలో కౌలుదార్ల పక్షాన నిలిచిన న్యాయవాదులను మాత్రం 1935 ఫిబ్రవరిలో సాగనంపారు.

ఇక మన దగ్గర. 2018 మేలో హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4,000, తర్వాత 5,000 రూపాయలు. దళారి లేకుండా మొదట చెక్కుగా, తర్వాత ఖాతాలోకే వచ్చాయి, అది మంచి పనే, కాదనను. కానీ పట్టాదారు పాసుపుస్తకం ఉంటేనే. ఎన్ని ఎకరాలున్నా అన్నిటికీ ఇచ్చారు, కౌలు రైతుకు మాత్రం రూపాయి లేదు. అయిదు లక్షల రైతుబీమాకూ పట్టాయే కొలత. అప్పు చేసి విత్తనం పెట్టి, పంట పోయి ప్రాణం తీసుకున్న కౌలు రైతు ఇంటికి ఆ బీమా కూడా రాదు. ఇది నన్ను నిద్ర పోనివ్వదు. ఆంధ్రలో 2019 చట్టం సాగుదారుకు కార్డు ఇస్తానంది గానీ, యజమాని సంతకం ఉండాలంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం, అడిగితే కౌలే పోతుందేమోనని ఈయన భయం.

ఇప్పటి అమెరికా నిబంధన చూడండి. డబ్బు రూపంలో కౌలు కడితే సాయం కౌలుదారుకే, పాలుకైతే వాటాల లెక్కన ఇద్దరికీ. పంట నష్టం ఎవరు మోస్తారన్నదే అక్కడ కొలత. దాన్ని చూసి కౌలు పెంచే యజమానులు అక్కడా ఉన్నారు, కాబట్టి కౌలు రేటు మీద కూడా మనం కన్నేసి ఉంచాలి.

పంటల నమోదుకు అధికారి పొలానికి వచ్చినప్పుడు సర్వే నంబరు పక్కన దున్నే మనిషి పేరు రాయాలి, యజమాని సంతకం అడగకుండా, ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యంతో. సాయం, బీమా ఆ పేరుకే రావాలి. ఈ వానాకాలం లోపే మీ మీ గ్రామసభల్లో ఈ తీర్మానం పెట్టించమని అడుగుతున్నాను.