చనిపోయిన తర్వాతి కర్ణుడు

శ్రోతలకు నమస్కారం.

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటారు మనవాళ్లు. పరశురాముడి శాపం, ఇంద్రుడికి దానమిచ్చిన కవచకుండలాలు, శల్యుడి సూటిపోటి మాటలు, నేలలో కూరుకుపోయిన రథచక్రం... చిన్నపిల్లలు కూడా ఈ వరస గడగడా చెప్పేస్తారు. పదిహేడో రోజు యుద్ధంలో అర్జునుడి బాణం తగిలిందా, కర్ణుడి కథ అయిపోయిందనుకుంటాం. నాకైతే చనిపోయిన తర్వాతి కర్ణుడే ఎక్కువ ఇష్టం.

యుద్ధం ముగిశాక గంగ ఒడ్డున తర్పణాలు వదిలే వేళ కుంతి అసలు సంగతి చెప్పింది. కర్ణుడు మీ అన్న అంది. అప్పటినుంచి ధర్మరాజుకు మనశ్శాంతి లేదు.

ఆ ధర్మరాజు చివరికి బొందితో స్వర్గానికి వెళ్లాడు. దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉన్నాడు. తనవాళ్లెవరూ లేరు. దేవతలను ఎవరి గురించి ముందు అడిగాడనుకున్నారు? భీముణ్ణి కాదు, అర్జునుణ్ణి కాదు. రాధేయుడు కనిపించడేమని అడిగాడు. అతడి పాదాలు మా అమ్మ పాదాల్లా ఉంటాయి, అది చూసి కూడా అతడి వెంట నడవలేకపోయానే అని వాపోయాడు.

దేవదూత అతణ్ణి తీసుకువెళ్లిన దారి చీకటి, దుర్గంధం, ఈగలు, నెత్తుటి బురద. భరించలేక వెనుదిరిగాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు. కాసేపు ఆగు, నీ మీదుగా వచ్చే గాలి మాకు హాయిగా ఉంది అన్నాయి. ఎవరు మీరు? అన్నాడు. జవాబులో మొదటి పేరు వినండి: ‘నేను కర్ణుణ్ణి.’ ఆ తర్వాతే ‘నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి.’ బతికినన్నాళ్లూ ఆ వరసలో చోటు దొరకనివాడు, అన్నదమ్ముల మధ్య పెద్దవాడిగా పలికాడు! ధర్మరాజు ఇక కదలలేదు. నేనిక్కడే ఉంటాను, వెళ్లి చెప్పమని దూతను పంపేశాడు. వెంటనే ఆ నరకం మాయమైంది. తర్వాత కర్ణుడు ద్వాదశాదిత్యుల మధ్య కనిపించాడు.

మహాలయ పక్షాల్లో చెప్పుకునే అన్నదానం కథ కూడా ఉంది కానీ, దానికి ఇవాళ సమయం చాలదు.

మీ ఇంట్లో భారతం ఉంటే కర్ణపర్వం దగ్గర ఆగిపోకండి. స్వర్గారోహణ పర్వం చాలా చిన్నది. ఒక్క పూటలో చదివేయవచ్చు, పైకి చదివితే ఇంకా బాగుంటుంది.