పీటర్ లూగర్ స్టేక్ హౌస్: వంటకన్నా ముందు ఎంపిక

అక్క: అందరికీ నమస్కారం. ఈసారి న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్‌లో ఉన్న పీటర్ లూగర్ స్టేక్ హౌస్ అనే హోటల్ గురించి మాట్లాడుకుందాం. స్టేక్ అంటే దళసరిగా కోసి మంట మీద కాల్చే మాంసం ముక్క. ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం బీఫ్ గురించే ఉంటుంది కాబట్టి తిననివాళ్లకు ముందే చెప్తున్నాను. మా తమ్ముడు బ్రూక్లిన్‌లోనే ఉంటాడు. ఇండియా నుంచి స్నేహితులెవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాడు. ఏరా, 1887 నుంచి ఉంది కదా, మొదట్నుంచీ ఒకే కుటుంబం చేతిలో ఉందా?

తమ్ముడు: లేదక్కా, రెండు కుటుంబాలు. 1887లో మొదలైనప్పుడు దాని పేరు కార్ల్ లూగర్స్ కెఫే, బిలియర్డ్స్ అండ్ బౌలింగ్ ఆలీ. ఓనరు పీటర్ లూగర్, వంటగది చూసుకున్నది కార్ల్. హోటల్ ఉన్న పేట విలియమ్స్‌బర్గ్‌లో అప్పట్లో జర్మన్లు ఎక్కువ. ఆ జర్మన్ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. ఆలుగడ్డల వేపుడు పేరు జర్మన్ ఫ్రైడ్ పొటాటోస్, డెజర్ట్ మీద వేసే గిలకొట్టిన క్రీముని ష్లాగ్ అంటారు. పీటర్ లూగర్ 1941లో పోయాడు. తర్వాత హోటల్ దెబ్బతింది, 1950లో వేలానికి వచ్చింది.

అక్క: కొన్నది ఎవరు?

తమ్ముడు: సాల్ ఫోర్‌మన్. ఆయనకి హోటళ్ల వ్యాపారంతో సంబంధమే లేదు. రోడ్డుకి అవతలి పక్క ఆయనకి మెటల్ సామాన్ల ఫ్యాక్టరీ ఉండేది. వ్యాపారం పనిమీద వచ్చినవాళ్లని భోజనానికి ఇక్కడికే తీసుకొచ్చేవాడు. ఇది మూతపడితే వాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలి అని వేలానికి వెళ్లాడు. పాట పాడింది ఆయనొక్కడేనట. 2001లో, 98 ఏళ్ల వయసులో పోయాడు. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. కానీ నాకు ఆయన కన్నా ఆయన భార్య మార్షా గురించి చెప్పాలని ఉంది.

అక్క: ఆవిడేం చేసింది?

తమ్ముడు: మాంసం కొనే పని తీసుకుంది. ఊరికే తీసుకోలేదు. రిటైరయిన ఒక ప్రభుత్వ గ్రేడర్ దగ్గర పాఠం నేర్చుకుంది. అమెరికాలో బీఫ్‌కి గ్రేడు ఇచ్చేది యూఎస్‌డీఏ, అంటే వాళ్ల వ్యవసాయ శాఖ. ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని ఉంటాయి, పైది ప్రైమ్. కండలో కొవ్వు సన్నటి తీగల్లా ఎంత పాకింది, పశువు వయసెంత అని చూసి ఆ గ్రేడు ఇస్తారు. మార్షా ఆ విద్య నేర్చుకుని మాంసం మార్కెట్టుకి స్వయంగా వెళ్లేది. అంతా మగవాళ్లే ఉండే చోటు అది. తర్వాత కూతుళ్లు, మనవరాలు అదే పని చేశారు. గోదాముల్లో చలిలో నిలబడి, ఒక్కో ముక్కనీ చూసి, నచ్చినదాని మీద తమ ముద్ర వేసి తెస్తారు.

అక్క: మా అమ్మమ్మ చేపల బజార్లో మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనేది కాదు, అలాగన్నమాట. మరి ప్రభుత్వమే ప్రైమ్ అని ముద్ర వేశాక మళ్లీ చూడడం ఎందుకు?

తమ్ముడు: ఆ గ్రేడరు పశువు మొత్తాన్నీ కోసి చూడడక్కా. పన్నెండో పక్కటెముకకీ పదమూడో పక్కటెముకకీ మధ్య ఒక్కచోట కోసి, అక్కడ కనిపించే కండని బట్టి గ్రేడు ఇస్తాడు. వీళ్లకి కావాల్సింది దాని వెనకున్న నడుము భాగం, షార్ట్ లాయిన్ అంటారు. పక్కటెముక దగ్గర బాగున్నంత మాత్రాన నడుము దగ్గర కూడా అంతే బాగుంటుందని చెప్పలేం. ప్రైమ్ అన్న ముద్ర ఉన్నా కొన్నిటిని వీళ్లు వదిలేసి వస్తారు. స్టేక్ హౌస్‌లో అసలు పని ఇదే అంటాను నేను. వంటంటావా, ఉప్పు, వెన్న, మంట, అంతే. దాచడానికి మసాలా లేదు. మాంసం బాగోకపోతే ఏ వంటవాడూ దాన్ని నిలబెట్టలేడు.

అక్క: కొన్నాక వెంటనే వండరు కదా?

తమ్ముడు: వండరు. హోటల్లోనే చల్లటి గదిలో గాలి తగిలేలా ఉంచి మాగబెడతారు. డ్రై ఏజింగ్ అంటారు. మామూలుగా ఎక్కడైనా దీనికి కొన్ని వారాలు పడుతుంది. ఆ టైములో రెండు పనులు జరుగుతాయి. మాంసంలో సహజంగా ఉండే ఎంజైములు కండని లోపల్నుంచి మెత్తబరుస్తాయి. నీరు ఆవిరై రుచి చిక్కబడుతుంది. పైన గట్టిగా నల్లటి చెక్కు కడుతుంది, దాన్ని కోసి పారేస్తారు. నీరు పోయి, చెక్కు పోయి, కొన్న బరువుకీ వండే బరువుకీ చాలా తేడా వస్తుంది. స్టేక్ ఖరీదులో ఈ తరుగు కూడా ఉంటుంది.

అక్క: సరే, టేబుల్ మీదికి వచ్చేది ఎలా ఉంటుందో చెప్పు. వినేవాళ్లకి నోరూరాలి.

తమ్ముడు: ఆర్డర్ చెయ్యాల్సింది పోర్టర్‌హౌస్. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి అని ఉంటుంది. మధ్యలో టీ ఆకారంలో ఎముక, దానికి ఒక పక్క స్ట్రిప్, ఇంకో పక్క ఫిలే. స్ట్రిప్‌లో రుచి ఎక్కువ, నమలడానికి కాస్త పని ఉంటుంది. ఫిలే పశువు పెద్దగా వాడని కండ, అందుకే వెన్నలా ఉంటుంది. నాకైతే స్ట్రిప్పే ఇష్టం. పైనుంచి మంట వచ్చే బ్రాయిలర్ కింద పెట్టి పైభాగం బాగా వేగాక, ముక్కలుగా కోసి, వెన్న వేసి మళ్లీ మంట కింద పెడతారు. ప్లేటు చిటపటలాడుతూ వస్తుంది. వెయిటరు ఒక సాసర్ బోర్లించి దాని మీద ప్లేటు అంచు ఆనిస్తాడు. ప్లేటు ఒక పక్కకి వాలి, వెన్నా మాంసం రసమూ కింది అంచుకి చేరతాయి. ఆ రసం చెంచాతో తీసి ముక్కల మీద పోస్తాడు. వాసన చూశాక ఇంక మాటలుండవు.

అక్క: మనవాళ్లు చాలామంది వెల్ డన్, అంటే లోపలిదాకా పూర్తిగా వేగింది అడుగుతారు. లోపల ఎర్రగా ఉంటే రక్తం అని టెన్షన్.

తమ్ముడు: అది రక్తం కాదక్కా. పశువుని కోసినప్పుడే రక్తం పోతుంది. ఆ ఎర్రటి నీరు మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల. కండకి ఆక్సిజన్ దాచిపెట్టేది అదే. మంట తగిలేకొద్దీ గోధుమరంగుకి మారుతుంది. అయినా ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు. మన మేక మాంసం, కోడి కూర పూర్తిగా ఉడికించి తినే అలవాటు. మొదటిసారి వెళ్లేవాళ్లు మీడియం అడగండి, మధ్యలో గులాబీ రంగు ఉంటుంది. నచ్చితే ఇంకోసారి మీడియం రేర్, అంటే ఇంకాస్త తక్కువ వేగింది. వెల్ డన్ అంటే మాత్రం వారాలపాటు మాగబెట్టిన మాంసంలో మిగిలిన తేమ కూడా పోతుంది. అంత డబ్బు పెట్టి ఆ పని చెయ్యొద్దని బతిమాలుకుంటాను.

అక్క: ఈ మధ్య దాని పేరు తగ్గిందని కూడా విన్నాను.

తమ్ముడు: 2019లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ ఒక్క స్టార్ కూడా ఇవ్వలేదు. మంచి హోటళ్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్ కూడా 2022లో పోయింది. వాటిని కొట్టిపారెయ్యను. అక్కడ అన్నీ గొప్పగా ఉండవు. మెనూలో మిగతావాటి కోసమే అయితే అంత దూరం వెళ్లక్కర్లేదు. కానీ పోర్టర్‌హౌస్, దాని పక్కన దళసరిగా కోసి వేయించిన బేకన్, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం, ఈ రెండిటికీ నేను మళ్లీ మళ్లీ వెళ్తాను. ఇంకో మంచి సంగతి, మధ్యాహ్నం మాత్రమే బర్గర్ ఉంటుంది. స్టేక్ కోసేటప్పుడు మిగిలే ముక్కలు అందులోకి వెళ్తాయి. తక్కువ ఖర్చులో ఆ రుచి తెలియాలంటే అదే దారి.

అక్క: బీఫ్ తిననివాళ్లు గుంపులో ఉంటే?

తమ్ముడు: లాంబ్ చాప్స్, సాల్మన్ చేప ఉంటాయి. శాకాహారులకి మాత్రం కష్టం. క్రీమ్ వేసిన పాలకూర, టమాటా ఉల్లిపాయ ముక్కలు, ఆలుగడ్డలు ఉంటాయి, అదీ దేంతో వండారో వెయిటర్ని అడిగి తీసుకోవాలి. నిజం చెప్పాలంటే శాకాహారులని అక్కడికి తీసుకెళ్లడం మర్యాద కాదు. వాళ్లకి వేరే రోజు వేరే చోట.

అక్క: వెళ్లేవాళ్లకి ఇంకేం చెప్తావు?

తమ్ముడు: బ్రూక్లిన్‌లోని ఈ హోటల్లో క్రెడిట్ కార్డు తీసుకోరు. క్యాష్ గానీ అమెరికా బ్యాంకు డెబిట్ కార్డు గానీ ఉండాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్లు బిల్లు కడతామని ముందుకొస్తారు, వాళ్ల కార్డు పనిచెయ్యదు, అందుకే ముందే చెప్పి పెట్టండి. జె, ఎమ్, జెడ్ రైళ్లలో మార్సీ ఎవెన్యూ స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. రిజర్వేషన్ చేసుకుని వెళ్లండి. ఇద్దరు వెళ్లి ఇద్దరి స్టేక్ తీసుకుంటే మిగులుతుంది, ఎముకతో సహా కట్టించుకోండి. మర్నాడు పెనం మీద కొంచెం వెన్నలో, సన్న మంట మీద వెచ్చబెట్టుకోవాలి. మైక్రోవేవ్‌లో పెట్టారంటే మాంసం గట్టిపడిపోతుంది.