జూలియన్ బాండ్ రాజకీయ జీవితం: సభ వద్దన్నా ఓటర్లు వదలని ప్రతినిధి

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూకి తీసుకున్నది అమెరికాలోని జార్జియా రాష్ట్ర శాసనసభ్యుడు జూలియన్ బాండ్ రాజకీయ జీవితం. ఆయన పేరు ఎత్తగానే అందరూ సుప్రీంకోర్టు కేసు గురించే చెబుతారు. నాకు మాత్రం అంతకంటే గొప్పగా తోచిన పని ఇంకొకటి ఉంది. అయినా ముందు కేసు సంగతే చూద్దాం.

1965లో అట్లాంటాలో కొత్తగా ఏర్పడిన ఒక నియోజకవర్గం నుంచి బాండ్ రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. వయసు 25 ఏళ్లు. అప్పటికే ఆయన పౌరహక్కుల ఉద్యమంలో, అందరూ స్నిక్ అని పిలిచే విద్యార్థి సంఘానికి ప్రచార బాధ్యతలు చూస్తున్నారు. 1966 జనవరి మొదటి వారంలో అలబామాలోని టస్కీగీలో శామీ యంగ్ అనే విద్యార్థి, నౌకాదళంలో పనిచేసి వచ్చిన నల్లజాతి యువకుడు, పెట్రోలు బంకులో తెల్లవారికి కేటాయించిన మరుగుదొడ్డి దగ్గర జరిగిన గొడవలో హత్యకు గురయ్యాడు. ఆ వెంటనే స్నిక్ వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ ప్రకటన చేసింది. సొంత దేశంలో రక్షణ లేని మనిషిని పరాయి దేశంలో స్వేచ్ఛ కోసమంటూ ఎలా పంపుతారన్న ఆవేదన అందులో ఉంది. బాండ్ ఆ ప్రకటనను సమర్థించారు.

జనవరి 10న ఆయన ప్రమాణ స్వీకారానికి వెళ్లారు. సభ ఓటింగు పెట్టింది. వద్దన్నవారు 184 మంది, రానివ్వమన్నవారు 12 మంది! యుద్ధాన్ని వ్యతిరేకించేవాడు రాజ్యాంగానికి విధేయుడిగా ఉండలేడని వారి వాదన. ఆయనతో పాటు గెలిచిన ఇతర నల్లజాతి సభ్యులు ప్రమాణం చేస్తుంటే, బాండ్ బయటే ఉండిపోయారు. ఖాళీ అయిన ఆ సీటుకు ఉప ఎన్నిక పెడితే ఓటర్లు మళ్లీ ఆయననే గెలిపించారు. సభ మళ్లీ కాదంది. నవంబరులో మూడోసారీ గెలిపించారు. ఈ కథలో నాకు అందరికంటే గౌరవం ఆ ఓటర్ల మీదే.

కింది కోర్టులో ఓడినా, డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా బాండ్ పక్షాన తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాసిన ఆ తీర్పు ప్రకారం, విధానాలపై అభిప్రాయాలు చెప్పడంలో శాసనసభ్యులకు విశాలమైన స్వేచ్ఛ ఉండాలి. బాండ్‌తో పాటు కేసు వేసిన ఓటర్లలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. ఆయన బాండ్ నియోజకవర్గంలోనే ఉండేవారు.

1968లో షికాగోలో జరిగిన డెమొక్రటిక్ మహాసభలో ఉపాధ్యక్ష పదవికి బాండ్ పేరును ప్రతిపాదించారు. 35 ఏళ్లు నిండాలి, ఆయనకు 28 ఏళ్లే కనుక తప్పుకున్నారు. అదొక గౌరవమే తప్ప అంతకు మించి ఏమీ లేదు.

ఇక నేను చెప్పదలచుకున్న పని. 1975 నుంచి ఆయన రాష్ట్ర సెనేట్‌లో ఉన్నారు. 1981లో పార్లమెంటు నియోజకవర్గాల పునర్విభజన వచ్చినప్పుడు, అట్లాంటాలో నల్లజాతి ఓటర్లకు స్పష్టమైన ఆధిక్యం ఉండే నియోజకవర్గం కావాలని పట్టుబట్టారు. శాసనసభ ఒప్పుకోలేదు. 1982లో ఫెడరల్ కోర్టు, రాష్ట్రం గీసిన పటంలో జాతి వివక్ష ఉందని కొట్టివేశాక, జనాభాలో దాదాపు 65 శాతం నల్లజాతివారు ఉండేలా ఐదో నియోజకవర్గం తయారైంది.

1986లో ఆ సీటుకు బాండ్ పోటీ చేశారు. ఎదురుగా నిలబడింది స్నిక్ రోజుల నాటి మిత్రుడు జాన్ లూయిస్. పార్టీ అభ్యర్థి ఎంపిక కోసం జరిగిన తొలి విడతలో బాండ్‌కు 47 శాతం ఓట్లు, లూయిస్‌కు 35 శాతం. సగం దాటలేదు కాబట్టి రెండో విడత జరిగింది. అందులో లూయిస్ 52 శాతంతో గెలిచారు. నల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది బాండ్ వైపే ఉన్నా, తెల్లజాతి ఓటర్లు లూయిస్‌ను గట్టెక్కించారు. ఆ ప్రచారంలో పాత స్నేహం బాగా దెబ్బతింది. చదువుతుంటే బాధ కలిగింది.

బాండ్ ఆ తర్వాత మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు. 1998 నుంచి 2010 వరకు నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీకి అధ్యక్షత వహించారు. 2015లో మరణించారు. అయినా శాసనసభ్యుడిగా ఆయన చేసినవాటిలో మొదటి స్థానం నేను ఆ ఐదో నియోజకవర్గానికే ఇస్తాను. ఆయన పట్టుబట్టి సాధించిన ఆ సీటులో జాన్ లూయిస్ 2020లో కన్నుమూసే వరకు, 33 ఏళ్లకు పైగా కొనసాగారు.