అది అడ్వాన్స్ కాదు సామీ, మీ డిపాజిట్!

బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసే ప్రతి తెలుగోడి గొడవా ఇదే కదా! దిగేటప్పుడు పది నెలల అద్దె కట్టించుకుంటారు, వెళ్లేటప్పుడు అందులో కోసినంత కోసి చేతిలో పెడతారు. ఓనర్లకి ఆశ ఎక్కువని మీరంటారు. నేనైతే ఆ డబ్బుకి పెట్టిన పేరుని తిడతా. అడ్వాన్స్!

ఊళ్లో ఫంక్షన్ హాలుకి అడ్వాన్స్ ఇస్తాం, ఆఖర్న బిల్లులో తగ్గిస్తారు. అదీ అడ్వాన్స్ అంటే. డిపాజిట్ అలా కాదండీ. అది మీ డబ్బే, ఆయన దగ్గర ఉంది, అంతే. ఇది నా సొంత కవిత్వం కాదు. జీఎస్టీ చట్టమే చెప్తోంది: డిపాజిట్‌ని బిల్లు కింద జమ చేసుకునేదాకా అది చెల్లింపు కాదని.

మారతహళ్లిలో మా ఫ్రెండ్ ఖాళీ చేస్తూ అడిగాడు: "సార్, అడ్వాన్సే కదా, ఆఖరి రెండు నెలలు అందులో పట్టుకోండి." ఓనరు గారు: "అదెలా? అడ్వాన్స్ వేరే, బాడుగె వేరే." సరే, మొత్తం వెనక్కివ్వండి అన్నాడు వీడు. ఆయన లేచి, క్యాలెండర్ మేకు పీకిన చిల్లులో వేలు పెట్టి, "పెయింటింగ్‌కి ఒక నెల" అన్నాడు. చూశారా? అద్దెలో కలపమంటే డిపాజిట్, తిరిగిమ్మంటే అడ్వాన్స్!

ఇప్పుడు మీ అగ్రిమెంట్ తీయండి. 11 నెలలదే ఉంటుంది లెండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి. చాలావాటిలో ఏముంటుందో తెలుసా? 'ఇంట్రెస్ట్ ఫ్రీ రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్'. కాగితం మీద డిపాజిట్, నోట్లో మాత్రం అడ్వాన్స్!

ఇది కావాలనే చేస్తున్నారని నా థియరీ. అడ్వాన్స్, అడ్వాన్స్ అని వినీ వినీ ఆ డబ్బు పోయినట్టేనని మనమే ఫిక్స్ అయిపోతాం. డిపాజిట్ అంటే బ్యాంకు గుర్తొస్తుంది, వడ్డీ గుర్తొస్తుంది. 25,000 అద్దెకి రెండున్నర లక్షలు. ఆరు శాతం వేసినా ఏడాదికి 15,000. ఎవరి జేబులో పడిందది?

అన్నట్టు, లోక్‌సభకి జనరల్ అభ్యర్థి కట్టే డిపాజిట్ కూడా 25,000 రూపాయలే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే, ఓడిపోయినా వెనక్కిస్తారు. మనోడు ప్రతి నెలా ఐదో తారీఖు లోపల అద్దె కట్టినా డిపాజిట్ గల్లంతు!

2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో ఇళ్లకి డిపాజిట్ రెండు నెలల అద్దె మించొద్దని ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేస్తేనే లెక్క.

అందుకే ఓనరు అడ్వాన్స్ అనగానే "డిపాజిట్ సార్" అనండి. ప్రతిసారీ. వాట్సాప్‌లోనూ అదే రాయండి. పెయింటింగ్‌కి కోస్తానంటే బిల్లు అడగండి. ఇస్తే నాకూ ఒక ఫొటో పంపండి, నేనింతవరకు ఒక్కటీ చూడలేదు!