వడి, వేగం: దిశ ఒక్కటి మారినా చాలు

అందరికీ నమస్కారం.

ఈరోజు మాట్లాడుకోబోయేది స్కూలు పుస్తకంలో రెండు మూడు పేజీల్లో అయిపోయే విషయం. "దిశతో కూడిన వడిని వేగం అంటారు" అని నేను కూడా పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఆ "దిశతో కూడిన" అన్న మాటలో ఎంత బరువుందో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ ఆ మాట గురించే చెప్తాను.

మామూలుగా మనం స్పీడు అన్నా, వేగం అన్నా ఒకటే అన్నట్టు వాడేస్తాం. భౌతికశాస్త్రం పుస్తకాలు మాత్రం స్పీడుకి "వడి" అనీ, వెలాసిటీకి "వేగం" అనీ విడివిడిగా పేర్లు పెట్టుకున్నాయి. ఈ పేర్లలో "వడి" నాకు చాలా ఇష్టం. "వడివడిగా నడిచి వెళ్లాడు" అంటాం చూడండి, ఆ మాట వింటే అతను ఎలా నడిచాడో తెలుస్తుంది, ఎటు నడిచాడో తెలియదు. సరిగ్గా వడి అంటే అదే. ఎటు అన్నది కూడా చెప్పినప్పుడే అది వేగం అవుతుంది.

వడి గురించి ఎక్కువసేపు ఆగను. నడిచిన దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే సగటు వడి వస్తుంది. ఇది మనకు చాలా మామూలు లెక్క. ప్రాచీన గ్రీకు గణిత పండితులు మాత్రం ఇలా భాగించేవారు కాదు. వాళ్ల పద్ధతిలో దూరాన్ని దూరంతో పోల్చాలి, కాలాన్ని కాలంతో పోల్చాలి. రెండు వేర్వేరు జాతుల రాశులను ఒకదానితో ఒకటి భాగించకూడదు. గెలీలియో కూడా తన చలన సూత్రాలను నిష్పత్తుల్లోనే రాశాడు. గంటకు ఇన్ని కిలోమీటర్లు అని ఈరోజు చిన్నపిల్లలు కూడా అనేస్తున్న మాట వెనుక అంత ప్రయాణం ఉంది.

సగటు అన్న మాటతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు. సగటు సెకనుకు 10.44 మీటర్లు. అయితే 60వ మీటరు నుంచి 80వ మీటరు దాకా ఉన్న 20 మీటర్ల ముక్కను తీసుకుంటే 1.61 సెకన్లే పట్టింది, అంటే సెకనుకు 12.4 మీటర్లు. ముక్కను ఇంకా చిన్నది చేస్తూ, చేస్తూ పోతే ఆ క్షణంలో ఎంత ఉందో దొరుకుతుంది. అదే తక్షణ వడి. బండిలో ముల్లు చూపించేది కూడా దీన్నే. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 40 అయితే సగటు 50 అనుకుంటారు. కాదు, 48. నెమ్మదిగా వచ్చిన దారి మీద ఎక్కువసేపు గడిపాం కాబట్టి దాని వాటా ఎక్కువ.

ఇక అసలు సంగతికి వద్దాం. ఇదిగో, నా చేతిలో ఒక దారం, దాని చివర ఒక రబ్బరు బిరడా. దీన్ని తల మీదుగా గుండ్రంగా తిప్పుతున్నాను. బిరడా తిరిగే వృత్తం వ్యాసార్ధం అర మీటరు, ఒక చుట్టుకు ఒక సెకను పడుతోంది అనుకుందాం. చుట్టుకొలత 3.14 మీటర్లు కాబట్టి వడి సెకనుకు 3.14 మీటర్లు. ఎంతసేపు తిప్పినా అదే వడి, పెరగదు, తగ్గదు.

ఇప్పుడు వేగం లెక్క చూద్దాం. వేగానికి కావలసింది నడిచిన దూరం కాదు, స్థానభ్రంశం. అంటే బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి తిన్నగా ఎంత, ఎటు అన్నది. అర చుట్టు అయ్యేసరికి బిరడా వృత్తానికి అవతలి వైపు ఉంటుంది. తిన్నగా కొలిస్తే 1 మీటరు. పట్టిన కాలం అర సెకను. కాబట్టి సగటు వేగం సెకనుకు 2 మీటర్లు. పూర్తి చుట్టు అయ్యాక బిరడా మొదలుపెట్టిన చోటికే వచ్చేసింది. స్థానభ్రంశం సున్నా, సగటు వేగం సున్నా. మొదటి లేన్‌లో 400 మీటర్లు ఒగర్చుకుంటూ పరుగెత్తిన అథ్లెట్‌కీ ఇదే లెక్క. అతని కష్టమంతా వడిలో కనిపిస్తుంది, సగటు వేగంలో కనిపించదు.

ఇక్కడ ఒక పిల్లవాడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "సున్నా వచ్చే లెక్క ఎందుకండీ మనకి?" మంచి ప్రశ్న. దానికి జవాబు నా వేళ్ల దగ్గర ఉంది. దారం నా వేళ్లను లాగుతోంది. నేను కూడా దాన్ని లాగి పట్టుకోవాల్సి వస్తోంది. వడి మారనప్పుడు ఈ లాగుడు ఎందుకు?

బిరడా ఈ క్షణంలో మీ వైపు వెళ్తోంది అనుకోండి. అర సెకను తర్వాత అదే 3.14తో మీకు దూరంగా వెళ్తుంటుంది. అటు 3.14, ఇటు 3.14. వేగంలో వచ్చిన మార్పు సున్నా కాదు, 6.28. వేగం మారిందంటే త్వరణం ఉన్నట్టే; సెకనుకు వేగం ఎంత మారుతోందో చెప్పేదే త్వరణం. లెక్క కడితే ఈ బిరడాకు ప్రతి క్షణం సెకనుకు సెకనుకు దాదాపు 20 మీటర్ల త్వరణం ఉంది. కిందపడే రాయికి భూమి ఇచ్చే త్వరణం 9.8 మాత్రమే. వడి రవ్వంత కూడా మారకుండా, కేవలం దిశ మారుతున్నందుకు రాయి పడేదానికి రెండింతల త్వరణం! నా వేళ్లకు తెలుస్తున్నది దాన్నే.

దారం వదిలేస్తే బిరడా ఎటు పోతుంది? చెయ్యెత్తి చూపించండి. చాలామంది బయటికి, నా నుంచి తిన్నగా దూరంగా చూపిస్తున్నారు. వదులుతున్నాను... చూశారా? అలా పోలేదు. వదిలిన క్షణంలో ఎటు వెళ్తోందో అటే, స్పర్శరేఖ మీదుగా, అంటే వృత్తాన్ని ఆ చోట తాకుతూ పోయే తిన్నని గీత మీదుగా పోయింది. దారం ఎటు ఉందో, వేగం దానికి అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉంది. ఈ 90 డిగ్రీల సంగతి మనసులో పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

మలుపులో ముల్లు 40 మీద కదలకుండా ఉన్నా మన ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది. ముల్లుకు తెలియనిది ఒంటికి తెలుస్తుంది. నిజానికి మన శరీరానికి ఎంత వేగంతో పోతున్నామో తెలియదు, వేగం మారితేనే తెలుస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లతో పోతోంది. బోల్ట్ కన్నా కొన్ని వేల రెట్లు. అయినా ఇక్కడ ఎవరికీ తెలియడం లేదు. దిశ మారుతూనే ఉంది, కానీ ఒక చుట్టుకు ఏడాది పడుతుంది కాబట్టి ఆ మార్పు మరీ మెల్లగా జరుగుతుంది.

మరి భూమికి ఆ వేగం ఉందని ఎలా పట్టుకున్నారు? దానికి ముందు ఒక వాన చూడాలి. గాలి లేదు, చినుకులు నిలువుగా సెకనుకు 6 మీటర్లతో పడుతున్నాయి. మీరు నిలబడితే గొడుగు తిన్నగా పడతారు. సైకిల్ మీద మీరూ సెకనుకు 6 మీటర్లతో పోతే, మీ కంటికి వాన 45 డిగ్రీల ఏటవాలుగా ఎదురొస్తుంది. సైకిల్ తిప్పుకుని అదే వడితో వెనక్కి వస్తే వాన మళ్లీ ముఖానికే కొడుతుంది, ఈసారి అవతలి పక్క నుంచి. వాన మారలేదు, మీ వడి మారలేదు, దిశ మారింది.

1725 డిసెంబరులో ఇంగ్లండ్‌లో జేమ్స్ బ్రాడ్లీ, శామ్యూల్ మోలినో అనే ఇద్దరు ఖగోళ పరిశీలకులు కలిసి గామా డ్రాకోనిస్ అనే నక్షత్రం మీదికి టెలిస్కోపు పెట్టారు. భూమి సూర్యుడికి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెళ్తే, మనం చూసే చోటు మారి నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించాలి. వాళ్లు వెతికింది ఆ జరుగుడు. లెక్క ప్రకారం డిసెంబరుకల్లా నక్షత్రం దక్షిణం వైపు చివరిదాకా వచ్చేసి ఉండాలి, ఇక అటు పోకూడదు. అది మాత్రం ఆగకుండా దక్షిణానికే జరుగుతూ పోయింది. మార్చిలో ఆగింది. జూన్‌కి డిసెంబరులో ఉన్న చోటికి వచ్చింది. సెప్టెంబరుకి ఉత్తరాన అంతే దూరం పోయింది. మొత్తం జరిగింది 40 ఆర్క్ సెకన్లు, అంటే ఒక డిగ్రీలో 90వ వంతు. జరుగుడు దొరికింది, కానీ మూడు నెలలు తేడాగా. ఏడాదిలో నాలుగో వంతు, చుట్టులో 90 డిగ్రీలు.

దారం ఒకవైపు, వేగం దానికి అడ్డంగా! ఇక్కడ సూర్యుడి నుంచి భూమికి ఉన్న గీతే దారం, భూమే బిరడా. భూమి ఎక్కడ ఉంది అన్నదానితో ఆ నక్షత్రం జరగడం లేదు, భూమి ఎటు వెళ్తోంది అన్నదానితో జరుగుతోంది. నక్షత్రం నుంచి వచ్చే వెలుగు వాన, మనం సైకిల్ మీద ఉన్నాం. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, మనం 30 కిలోమీటర్లు. పదివేలలో ఒక వంతు వాలు, కోణంలో చెప్పాలంటే 20 ఆర్క్ సెకన్లు. మార్చిలో అటు 20, సెప్టెంబరులో ఇటు 20. బ్రాడ్లీ ఈ వివరణను 1729లో ప్రచురించాడు. భూమి కదులుతోందనడానికి అప్పటిదాకా నేరుగా దొరకని రుజువు దాంతో దొరికింది. మార్చికీ సెప్టెంబరుకీ మధ్య భూమి వడి ఇంచుమించు అలాగే ఉంది. టెలిస్కోపులో నక్షత్రాన్ని అటూ ఇటూ జరిపింది దిశ ఒక్కటే.